పరాయి కారు టెయిల్ లైటు

కారు నడిపేవాడికి నడుపుతున్నంతసేపూ కనపడని భాగం ఒకటుంది. హెడ్‌లైటు వెలుగు ఎదురుగా రోడ్డు మీద పడుతుంది కాబట్టి అది పనిచేస్తోందో లేదో మనకే తెలుస్తుంది. హారను వినపడుతుంది. టెయిల్ లైటు అలా కాదు. మన డబ్బుతో కొని, మన బ్యాటరీతో వెలిగించి, పూర్తిగా వెనక వచ్చేవాడి కోసం పెట్టుకునే వస్తువది. అది ఆరిపోయిన సంగతి మనకి తెలిసేది పోలీసాయన ఆపినప్పుడో, వెనకనించి ఎవడో వచ్చి గుద్దినప్పుడో.

అలాంటి వస్తువుని 1940ల్లో, 50ల్లో కాలిఫోర్నియా కుర్రాళ్ళు తమ కార్లనుంచి పీకి పారేసి, ఇంకో కంపెనీవాడి ఇంకో మోడల్ దీపాలు తెచ్చి బిగించుకునేవాళ్ళు. మెర్క్యురీకి లింకన్ దీపాలు, ఫోర్డుకి పాంటియాక్ దీపాలు, షెవ్రొలేకి పాకార్డ్ దీపాలు. పైకి చూస్తే ఇది పనీపాటా లేని షోకులాగే ఉంటుంది. కానీ కాస్త లోపలికెళ్ళి చూస్తే, మన వృత్తిలో రోజూ తలనొప్పి పెట్టే ప్రశ్నే అక్కడా ఉంది. డబ్బు పోసి కొనుక్కున్న వస్తువులో మనం ఏది మార్చుకోవచ్చు? ఏది మార్చకూడదు? ఆ గీత ఎవరు గీయాలి, కంపెనీవాడా, ప్రభుత్వమా, వెనక వచ్చేవాడా?

ముందు అసలీ దీపాలు అన్ని రకాలు ఎందుకొచ్చాయో చూద్దాం.

జనరల్ మోటార్స్ ని నడిపిన ఆల్ఫ్రెడ్ స్లోన్ 1920ల్లో ఒక వ్యాపార కిటుకు పట్టుకున్నాడు. కారు పాడవక్కర్లేదు, పాతబడిపోయినట్టు అనిపిస్తే చాలు, జనం కొత్తది కొంటారు. అంచేత ఏటా కొత్త మోడల్. దీని కోసమే 1927లో హార్లీ ఎర్ల్ అనే ఆయన్ని పెట్టి కంపెనీలో ప్రత్యేకంగా ఒక డిజైన్ విభాగం తెరిచారు. ఇంజనూ ఛాసిస్సూ ఏటా మార్చాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. గ్రిల్లు, పక్కన మెరిసే పట్టీలు, బంపరు, టెయిల్ లైటు... ఇవి మారిస్తే చవగ్గా పనైపోతుంది. మన భాషలో చెప్పాలంటే బ్యాకెండు అదే, ఏడాదికోసారి యూఐ మార్చి కొత్త వెర్షన్ అని అమ్మడం అన్నమాట.

దాంతో టెయిల్ లైటు కారుకి పుట్టినతేదీ సర్టిఫికెట్ లాంటిదైపోయింది. వెనకనించి చూసి 'ఇది ఫలానా ఏడాది కాడిలాక్' అని చెప్పేసేవాళ్ళు. కాడిలాక్ వాళ్ళు 1941లో పెట్రోలు పోసే మూతని ఎడం పక్క టెయిల్ లైటు కింద దాచారు. 1948లో పి-38 యుద్ధవిమానం తోకని చూసి కారు వెనక రెక్కలు పెట్టి, దీపాలని ఆ రెక్కల కొసలకి ఎక్కించారు. ఆ రెక్కలు పెరిగి పెరిగి 1959 నాటికి తారాస్థాయికి చేరాయి. ఒక్కో రెక్కకి రెండేసి బుల్లెట్ల ఆకారంలో ఎర్ర దీపాలు. పాత కార్లంటే ఆసక్తి లేనివాళ్ళు కూడా ఎక్కడో ఓ బొమ్మలో ఆ దీపాలు చూసే ఉంటారు.

ఏటా కొత్త కార్లొస్తే ఏటా పాత కార్లు తుక్కులోకి పోతాయి కదా. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక కాలిఫోర్నియాలో కార్ల తుక్కు యార్డులు ఇలాంటి సామానుతో నిండిపోయాయి. యుద్ధంనించి తిరిగొచ్చిన కుర్రాళ్ళ చేతిలో కాస్త డబ్బుంది, చాలామందికి వెల్డింగూ రేకుపనీ కూడా వచ్చు. కొత్త కాడిలాక్ కొనే స్తోమత లేదు. కానీ కాడిలాక్ టెయిల్ లైటు కొనే స్తోమత ఉంది.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి హాట్ రాడ్. వీళ్ళ ధ్యాసంతా వేగం మీద. 1932 ఫోర్డు రోడ్‌స్టర్ లాంటి పాత బండి తీసుకుని, బరువు తగ్గించి, ఇంజను బలం పెంచి, ఎండిపోయిన సరస్సుల్లో పరుగులు తీయించేవాళ్ళు. వీళ్ళకి బాగా నచ్చిన దీపం 1939 ఫోర్డుది, కన్నీటిచుక్క ఆకారంలో ఉండేది. దానికి కారణం అందమొక్కటే కాదు. ఆ దీపం తనకి తానే పూర్తి వస్తువు. గాజు, డొప్ప, బల్బు హోల్డరు అన్నీ ఒకే ముక్కగా వస్తాయి. రేకుకి బెజ్జాలు వేసి బోల్టు బిగించడమే. ఫోర్డు కాబట్టి ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. మనం లైబ్రరీ ఎంచుకునేటప్పుడు చూసేవి కూడా ఇవే కదా. వేరే దేని మీదా ఆధారపడకూడదు, తేలిగ్గా అతకాలి, అందుబాటులో ఉండాలి. ఆ లెక్కలో 1950 పాంటియాక్ గుండ్రటి దీపం కూడా ఇలాగే హాట్ రాడ్ల వాళ్ళ అభిమాన దీపమైంది. ఈ రెంటికీ నకళ్ళు ఇవాళ్టికీ తయారై అమ్ముడవుతూనే ఉన్నాయి.

రెండో దారి కస్టమ్ కారు. వీళ్ళకి వేగంతో పెద్ద పనిలేదు. కారు కిందకి వాలాలి, పొడుగ్గా కనపడాలి, అతుకులూ హ్యాండిళ్ళూ బ్యాడ్జీలూ అన్నీ మాయమై నీళ్ళలో నానిన సబ్బుబిళ్ళలా నున్నగా ఉండాలి. శాక్రమెంటోలో హ్యారీ వెస్టర్‌గార్డ్ ఈ పనిలో తొలితరం ఉస్తాదు. ఆయన దగ్గర పని చూసి పెరిగిన జార్జ్ బారిస్, ఆయన అన్న శామ్ తర్వాత లాస్ ఏంజిలెస్ వైపు వచ్చి దుకాణం పెట్టారు. అన్నది బంగారంలాంటి చెయ్యి, తమ్ముడిది మాట. 1966 నాటి టీవీ బ్యాట్‌మొబైల్ కట్టింది ఆ తమ్ముడి దుకాణమే. అది కూడా 1955 నాటి లింకన్ ఫ్యూచురా అనే ప్రదర్శన కారుని మార్చి కట్టిందే.

కస్టమ్ కారు వాళ్ళకి బోల్టు బిగిస్తే చాలదు. దీపం ఆ కారులోనే మొలిచినట్టుండాలి. అందుకోసం చేసే పనికి 'ఫ్రెంచింగ్' అని పేరు. దీపం చుట్టూ ఉండే క్రోమ్ రింగు తీసేసి, కారు రేకులో ఒక గూడు చేసి, దీపాన్ని ఆ గూట్లోకి కాస్త లోపలికి దించుతారు. ఫ్రెంచి చొక్కా కఫ్ అంచులా ఉంటుందని ఆ పేరు వచ్చిందంటారు.

చెప్పినంత తేలిక కాదు ఆ పని. ముందు పాత దీపం బెజ్జాలు మూసెయ్యాలి. కొత్త దీపం కొలతకి గొట్టంలాగా రేకు వంచి వెల్డింగ్ చెయ్యాలి. అతుకు మీద సీసం, తగరం కలిపిన కడ్డీని మంటతో మెత్తబరిచి, మైనం పూసిన చెక్కబద్దతో వెన్న రాసినట్టు రాయాలి. సీసం కరిగి కారిపోకూడదు, బిగుసుకుపోనూ కూడదు. ఆ మధ్యస్థితిలో ఉండే కొద్ది క్షణాల్లోనే పని అవ్వాలి. తర్వాత ఆకురాయితో నున్నగా రాయాలి. ఇంత సీసం మోస్తాయి కాబట్టే వీటికి 'లెడ్ స్లెడ్', అంటే సీసపు బండి అని ముద్దుపేరు వచ్చింది. మన టింకరింగ్ షాపుల్లో పని చేసేవాళ్ళు దీని విలువ ఇట్టే పట్టేస్తారు. ఇది అయ్యాక కూడా రెండు విషయాలు మర్చిపోకూడదు. బల్బు మార్చడానికి డిక్కీలోంచి చెయ్యి దూరే దారి ఉండాలి. గూట్లో నిలిచే నీళ్ళు పోవడానికి అడుగున బెజ్జం ఉండాలి. ఆ బెజ్జం లేకపోతే సీసం కింద రేకు లోలోపలే తుప్పుపట్టి, కొన్నేళ్ళకి బుడగలై పైకి తేలుతుంది. టెక్నికల్ డెట్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఈ బెజ్జం కథ చెప్పొచ్చు :)

ఈ విద్యకి శిఖరం అనదగ్గ కారు ఒకటుంది. బాబ్ హిరోహటా అనే జపనీస్ అమెరికన్ కుర్రాడు తన 1951 మెర్క్యురీని 1952లో బారిస్ అన్నదమ్ముల చేతిలో పెట్టాడు. వాళ్ళు దాని కప్పు కిందకి దించారు, వెనక ఫెండర్లు పొడిగించారు. గ్రిల్లు ఫోర్డు ముక్కలతో చేశారు, పక్క పట్టీలు బ్యూక్ నించి తెచ్చారు, పొడిగించిన ఫెండర్ల చివర 1952 లింకన్ టెయిల్ లైట్లు ఫ్రెంచింగ్ చేశారు. నాలుగైదు కార్ల ఎముకలు ఒకే చర్మం కింద అమరాయి. విచిత్రం ఏవిటంటే, చూసినవాడికి ఇది అతుకుల బొంతలా అనిపించదు. మెర్క్యురీ కారు మొదట్నించీ ఇలాగే ఉండాల్సింది కదా అనిపిస్తుంది.

1959కల్లా అదో పాత కారు. జిమ్ మెక్‌నీల్ అనే కుర్రాడు దాన్ని 500 డాలర్లకి కొనుక్కుని, దశాబ్దాల తరబడి తన దగ్గరే ఉంచుకుని, ఓపిగ్గా బాగుచేసుకున్నాడు. 2017లో దాన్ని అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టరులో చేర్చారు. 2022 జనవరిలో వేలంలో 21 లక్షల 45 వేల డాలర్లు పలికింది. కంపెనీవాడు చేసింది చేసినట్టుగా ఉన్న అదే ఏడాది మెర్క్యురీకి ఇందులో చాలా చిన్న వంతే వస్తుంది. కంపెనీ డిజైన్ని చెడగొట్టారని ఒకప్పుడు ముక్కు విరిచిన పనే చివరికి చరిత్రగా నిలబడింది.

పాకార్డ్ కథ ఇంకో రకం. 1955, 56 పెద్ద పాకార్డ్ కార్లకి డిక్ టీగ్ అనే డిజైనరు నిటారుగా, చర్చి గోపురంలా ఉండే టెయిల్ లైట్లు గీశాడు. 'కెథెడ్రల్' దీపాలంటారు వాటిని. అప్పటికే కంపెనీ కష్టాల్లో ఉంది. 1958తో పాకార్డ్ పేరే మార్కెట్లోంచి పోయింది. కానీ 1956 పాకార్డ్ దీపాలు మాత్రం మెర్క్యురీల మీదా షెవ్రొలేల మీదా ఎన్నో ఏళ్ళు వెలుగుతూనే ఉన్నాయి. కంపెనీ మూతపడ్డాక కూడా దాని కోడు వేరేవాళ్ళ ప్రాజెక్టుల్లో బతకడం మనకి తెలియని సంగతేం కాదు.

సరే, అందం సంగతి అయింది. ఇంతకీ ఒక కంపెనీ దీపం ఇంకో కంపెనీ కారులో వెలగడం ఎలా సాధ్యమైంది? నాకు మటుకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

ఆ రోజుల్లో అమెరికన్ టెయిల్ లైటు లోపల ఉండేది ఒకే బల్బు, అందులో రెండు తీగలు. సన్నది రాత్రిపూట ఎప్పుడూ వెలిగేది, లావుది బ్రేకుకీ ఇండికేటరుకీ కలిపి. 12 వోల్టుల కార్లలో దశాబ్దాలుగా వాడుతున్న 1157 నంబరు బల్బులో లావు తీగ దాదాపు 27 వాట్లు, సన్నది 8 వాట్లు. అంటే వెనకవాడికి మనం చెప్పేదల్లా 'ఇక్కడున్నాను' అని ఎనిమిది వాట్లతోనూ, 'ఆగుతున్నాను' అని ఇరవయ్యేడు వాట్లతోనూ. బల్బుకి పక్కల ఉండే రెండు మేకులు ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి పైకి ఒకటి కిందకి. ఎందుకంటే తిప్పి పెట్టినా తప్పుగా దూరకూడదు. తిరగేసి పెడితే బ్రేకు తొక్కినప్పుడు సన్న దీపం, తొక్కనప్పుడు పెద్ద దీపం వెలుగుతాయి మరి. తప్పుగా వాడటానికే వీల్లేని ఇంటర్‌ఫేస్ అంటే అదీ. ఎవరు కనిపెట్టారో గానీ దణ్ణం పెట్టాలి.

కంపెనీలన్నీ పైన గాజు ఆకారం మీద పోట్లాడుకున్నాయి గానీ, లోపల బల్బూ హోల్డరూ విషయంలో ఒకే ప్రమాణానికి కట్టుబడ్డాయి. అంచేత లింకన్ గాజు వెనక మెర్క్యురీ వైరు హాయిగా పనిచేసింది. 1950ల మధ్యలో కార్లు ఆరు వోల్టుల నించి పన్నెండు వోల్టులకి మారాయి. కాడిలాక్, బ్యూక్ 1953లో, షెవ్రొలే 1955లో, ఫోర్డు 1956లో మారాయి. అయినా పెద్ద చిక్కేం రాలేదు. 1959 కాడిలాక్ దీపాన్ని 1951 మెర్క్యురీలో పెట్టాలంటే ఆరు వోల్టుల బల్బు వేస్తే సరి. అప్పటి ఫోర్డు, మెర్క్యురీ కార్లలో బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి కలిపేవారు, కాడిలాక్ లో నెగటివ్ వైపు. బల్బుకి ఆ తేడానే తెలీదు, కరెంటు ఎటునించి పారినా వెలుగుతుంది.

అలాగని చిక్కులు లేవని కాదు. బల్బుకి పోయే కరెంటు తిరిగొచ్చేది కారు బాడీ మీదుగానే. మన మెకానిక్కులు 'ఎర్త్' అంటారే, అదే. ఫ్రెంచింగ్ చేసిన గూడంతా పెయింటు, సీలెంటు, రబ్బరు. దీపం రేకుకి సరిగా తగలకపోతే కరెంటు ఇంటికెళ్ళే దారిలేక రెండో తీగలోంచి పక్క సర్క్యూట్లోకి దూరుతుంది. బ్రేకు తొక్కితే ఇండికేటరు మినుకుమంటుంది, ఇండికేటరు వేస్తే అన్నీ మసకబారతాయి. ఆరు వోల్టుల బండిలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే అదే 27 వాట్లకి పన్నెండు వోల్టుల్లో రెండుంబావు ఆంపియర్లు చాలు, ఆరు వోల్టుల్లో నాలుగున్నర కావాలి. పల్చని ఎర్త్ వైరు దగ్గరే సగం వెలుగు పోతుంది. మంచి పనివాడు దీపం నించి బాడీకి విడిగా ఒక ఎర్త్ వైరు వేస్తాడు. నాలుగు రూపాయల వైరు. డ్రైవరుకి కనపడని చోట ఉంటుంది. దాని మీదే వెనకవాడి ప్రాణం ఉంటుంది.

అన్నట్టు ఈ పని వీధి కుర్రాళ్ళే చేశారనుకోకండి. పెద్దింటి కార్లూ ఇదే చేశాయి. లోటస్ ఎస్ప్రీ మొదటి రకానికి 1976లో ఫియట్ ఎక్స్1/9 టెయిల్ లైట్లు, తర్వాతి రకానికి రోవర్ ఎస్‌డి1 దీపాలు. ఆస్టన్ మార్టిన్ విరాజ్ కి ఫోక్స్‌వాగన్ సిరాకో దీపాలు. ఒకప్పుడు ప్రపంచంలోనే అతి వేగమైన కారనిపించుకున్న జాగ్వార్ ఎక్స్‌జె220కి మామూలు రోవర్ 200 దీపాలు. కారణం పిసినారితనం కాదు. టెయిల్ లైటుకి అచ్చులు పోయించి, పరీక్షలకి పంపి, అనుమతి తెచ్చుకోవాలంటే చాలా ఖర్చు. లక్షల కార్లమ్మే కంపెనీ ఆ ఖర్చు పంచుకోగలదు, మూడొందల కార్లు కూడా కట్టని ఎక్స్‌జె220కి గిట్టుబాటు కాదు. పైగా రోవర్ దీపం అప్పటికే పరీక్ష పాసైపోయి ఉంది. అంటే అదే పని కంపెనీ చేస్తే ఇంజనీరింగ్, కుర్రాడు చేస్తే షోకు అన్నమాట.

ఇప్పుడు చట్టం దగ్గరికొద్దాం. కస్టమ్ కార్లకి పుట్టిల్లైన కాలిఫోర్నియా చట్టంలో టెయిల్ లైటు గురించి ఏముందో చూడండి. ఎర్రగా ఉండాలి. వెనక 500 అడుగుల దూరం నించి స్పష్టంగా కనపడాలి, 1969 తర్వాత తయారైన కార్లైతే 1,000 అడుగుల నించి. 1958 తర్వాతి కార్లకి కనీసం రెండుండాలి. ఇలా రంగు, దూరం, సంఖ్య, ఎత్తు అడుగుతుంది. ఏ కారుదని అడగదు. దీపం చెయ్యాల్సిన పని చేస్తోందా లేదా అన్నదే ప్రశ్న. కాడిలాక్ దీపమైతేనేం, పాకార్డ్ దీపమైతేనేం. మన మాటల్లో, స్పెసిఫికేషన్ రాసి ఇంప్లిమెంటేషన్ నీ ఇష్టం అన్నట్టు. ఈ విద్య అక్కడ అంతగా వికసించడానికి వాతావరణం, సినిమాలు, డబ్బు ఎన్ని కారణాలున్నా, ఈ చిన్న చట్టం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

అమెరికా కేంద్ర ప్రభుత్వం 1966లో వాహన భద్రత చట్టం తెచ్చి, 1968 నించి దీపాల కోసం 108వ నంబరు ప్రమాణం పెట్టింది. ఎంత వెలుగుండాలి, పక్కలకి ఎన్ని డిగ్రీల దాకా కనపడాలి అన్నీ లెక్కగట్టారు. టెయిల్ లైటు నేరుగా వెనకనించే కాదు, అటూ ఇటూ 45 డిగ్రీల కోణం నించి కూడా కనపడాలి. ఇక్కడే ఫ్రెంచింగ్ చేసేవాళ్ళకి చిక్కు. గూడు లోతు పెరిగేకొద్దీ అందం పెరుగుతుంది, పక్క లేన్లో వాడికి దీపం కనపడటం తగ్గుతుంది. అలాంటిదే 'బ్లూ డాట్' వ్యామోహం. ఎర్ర గాజు మధ్యలో చిన్న నీలం గాజుబిళ్ళ పెడితే రాత్రిపూట దూరంనించి ఊదా గులాబీ కలిసిన రంగులో మెరుస్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో నిషేధం. ఆ నిషేధం నాకు సబబుగానే తోస్తుంది. ఎరుపంటే ఆగమని, అది అందరికీ కలిపి ఉన్న భాష. నీ ఇంట్లో నువ్వు ఏ యాసలో మాట్లాడుకున్నా ఫర్లేదు, రోడ్డు మీద మాత్రం అందరికీ అర్థమయ్యే మాటే మాట్లాడాలి.

వెనక దీపంలో చిన్న మార్పు ఎంత తేడా తెస్తుందో చెప్పే లెక్కలున్నాయి. 1974లో శాన్ ఫ్రాన్సిస్కోలో జాన్ వొయెవోడ్‌స్కీ అనే మానసిక శాస్త్రవేత్త 343 టాక్సీల వెనక మధ్యలో అదనంగా ఒక బ్రేకు దీపం పెట్టించి చూస్తే, వెనకనించి గుద్దడాలు దాదాపు 60 శాతం తగ్గాయి. ఆ తర్వాత మరిన్ని పరీక్షలు జరిగి, 1986 మోడల్ నించి అమెరికాలో ప్రతి కొత్త కారుకీ వెనక అద్దం దగ్గర మూడో బ్రేకు లైటు తప్పనిసరైంది. అన్ని కార్లకీ వచ్చి, కళ్ళు అలవాటుపడ్డాక ఆ లాభం 4.3 శాతం దగ్గర స్థిరపడిందని 1998లో ప్రభుత్వ సంస్థే లెక్కతేల్చింది. 60 ఎక్కడ, 4.3 ఎక్కడ అని నవ్వుకోవచ్చు. కానీ దేశం మొత్తం మీద నాలుగు శాతం అంటే వేల ప్రమాదాలు. ఇంకోటి, ఇండికేటరు ఎర్రగా కాక పసుపు నారింజ రంగులో ఉంటే వెనకనించి దెబ్బ తినడం 5.3 శాతం తక్కువని 2009 అధ్యయనం ఒకటి చెప్పింది. యూరప్ లో ఆ రంగు తప్పనిసరి, అమెరికాలో ఎరుపు కూడా చెల్లుతుంది. అమెరికన్ కారుకి యూరప్ రకం దీపాలు పెట్టుకునేవాడు షోకు కోసమే పెట్టుకున్నా, తెలియకుండానే వెనకవాడికి మేలు చేస్తున్నట్టు లెక్క. ప్రతి మార్పూ చెడగొట్టడమే కానక్కర్లేదు.

చెడగొట్టిన ఉదాహరణా ఉంది. 1998లో జపాన్ లో టొయోటా ఆల్టెజ్జా వచ్చింది. తెల్లటి పారదర్శకమైన కవరు, లోపల గుండ్రటి ఎర్ర దీపాలు. అదే కారు అమెరికాలో లెక్సస్ ఐఎస్ పేరుతో దిగేసరికి కుర్రకారుకి పిచ్చెక్కింది. 2000ల మొదట్లో సివిక్ నించి పికప్ ట్రక్కుల దాకా ప్రతిదానికీ 'ఆల్టెజ్జా లైట్లు' అమ్మారు. మన దగ్గర కూడా యాక్సెసరీ షాపుల్లో అదే రకం మెరుపులు వేలాడేవి. టొయోటా చేసిన దీపంలో లోపమేం లేదు. దాన్ని చూసి చవగ్గా కొట్టిన నకళ్ళలో కొన్నిటికి రిఫ్లెక్టరే లేదు. పాత ఎర్ర గాజులో చిన్న చిన్న పలకలుగా కనపడేదే రిఫ్లెక్టరు. దానికి వైరూ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. కారు చెడిపోయి చీకట్లో రోడ్డు పక్క ఆగిపోతే, వెనకవాడి హెడ్‌లైటు పడగానే అదొక్కటే ఎర్రగా మెరిసి కాపాడుతుంది. నకలు చేసినవాడు రూపాన్ని కాపీ కొట్టి, కంటికి కనపడని ఆ పనిని వదిలేశాడు.

ఇది మనకి దూరపు సంగతి కాదు. రాత్రిపూట హైవే మీద ఆగి ఉన్న లారీని వెనకనించి ఢీకొన్న వార్త లేకుండా మన పేపర్లలో వారం గడవదు. మన లారీల్లో చాలావాటికి బాడీ కంపెనీలో తయారు కాదు. ఛాసిస్ కొనుక్కొచ్చి విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కట్టించుకుంటారు. వెనక దీపాలు షాపులో దొరికేవే బిగిస్తారు. ఒక రకంగా ప్రతి లారీ వెనకా ఉన్నవి వేరే చోటనించి తెచ్చిన దీపాలే, అందులో తప్పేం లేదు. తప్పల్లా అవి పగిలినా, బురద కప్పినా, ఎర్త్ ఊడినా పట్టించుకోకపోవడం. వెనక రిఫ్లెక్టర్లుండాలని కేంద్ర మోటారు వాహన నియమాల్లో 104వ నియమం ఎప్పట్నించో చెబుతూనే ఉంది.

మన చట్టం తీరు వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేట్టు వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా ఖాయం చేసింది. అదే ఏడాది సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకీ ఐదువేల రూపాయల జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు అని పెట్టారు. కప్పులు కోసి, చక్రాలు బయటికి తెచ్చి, చెవులు చిల్లులు పడే సైలెన్సర్లు పెట్టేవాళ్ళని చూస్తే ఈ కోపం అర్థమవుతుంది. కాదనను. కానీ ఇక్కడ కొలబద్ద 'కంపెనీవాడు ఇచ్చినట్టే ఉందా' అన్నది. 'వెనకవాడికి కనపడుతోందా' అన్నది కాదు. ఈ రెండూ ఒకటి కావు. కంపెనీ దీపమే అయినా ఆరిపోయి ఉంటే ప్రమాదం. వేరే కారు దీపమైనా సరైన రంగులో, సరైన వెలుగుతో, విడిగా ఎర్త్ వేసి ఉంటే ఎవరికీ నష్టం లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ బల్బు కాలం అయిపోతోంది. 2000 మోడల్ కాడిలాక్ డివిల్ తో అమెరికన్ కార్లలో ఎల్ఈడీ టెయిల్ లైట్లు మొదలయ్యాయి. ఎల్ఈడీకి కరెంటు ఎటునించి వస్తోందో తెలుసు, తిరగేస్తే వెలగదు. తక్కువ కరెంటు తాగుతుంది కాబట్టి ఇండికేటరు పిచ్చిపట్టినట్టు గబగబా కొట్టుకుంటుంది. కారులో కంప్యూటరు బల్బుకి ఎంత కరెంటు పోతోందో కొలిచి, తేడా వస్తే ఎర్రరు చూపిస్తుంది. ఇప్పుడు టెయిల్ లైటు ఒక బల్బు కాదు, నెట్‌వర్కులో ఒక నోడు. కొన్ని ఫోర్డు ఎఫ్-150 ట్రక్కుల్లో పక్క లేను చూసే రాడారు కూడా టెయిల్ లైటు లోపలే ఉంటుంది. దీపం పగిలితే రాడారు కూడా పోయినట్టే, బిల్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

సౌకర్యాలు పెరిగాయి, నిజమే. ఎల్ఈడీ బల్బుకన్నా త్వరగా వెలుగుతుంది, వెనకవాడికి సెకనులో కొంత భాగం ఎక్కువ దొరుకుతుంది, అది మంచిదే. పోయినదల్లా అందరికీ కలిపి ఉన్న ఆ హోల్డరు. పైన గాజు ఎవడిష్టం వాడిది, లోపల బల్బు అందరిదీ అన్న ఆ ఒప్పందం పోయింది. ఇప్పుడు కొన్ని కార్లలో వేరే మోడల్ దీపం కాదు కదా, అదే మోడల్ పాతది తెచ్చి పెట్టినా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే తప్ప పనిచెయ్యదు. దీనికి భద్రత అని పేరు పెడతారు. ఆ తాళాలు రాసేవాళ్ళలో మనవాళ్ళు కూడా ఉన్నారని మర్చిపోకూడదు. డెట్రాయిట్ కంపెనీలకి హైదరాబాద్ లోనూ బెంగుళూరులోనూ కూచుని కోడు రాసేవాళ్ళు మనలో తక్కువేం లేరు.

కాబట్టి నా గీత ఇక్కడ గీస్తాను. దీపం ముఖం యజమాని ఇష్టం. అది చెప్పే మాట వెనకవాడి హక్కు. మొదటిదాంట్లో కంపెనీకీ ప్రభుత్వానికీ పనిలేదు. రెండోదాంట్లో యజమానికి కూడా మినహాయింపు ఉండకూడదు. ఇది అమలు చెయ్యడం కష్టమా అంటే, పెద్ద కష్టమేం కాదు. తనిఖీ చేసే అధికారి కాగితాలు తిరగేసే ముందు కారు వెనక ఐదొందల అడుగులు నడిచి వెళ్ళి నిలబడాలి. లైటు వెయ్యమనాలి, బ్రేకు తొక్కమనాలి, ఇండికేటరు కొట్టమనాలి, అన్నీ ఆర్పేసి టార్చి వేసి చూడాలి. అప్పుడు ఎన్ని లింకన్ దీపాలున్న మెర్క్యురీలు పాసవుతాయో, ఎన్ని కంపెనీ దీపాల లారీలు ఫెయిలవుతాయో చూద్దాం. ఏమంటారు?